సంక్రాంతికి ఊరెళ్తున్నారా? ఇంటికి తాళం వేసే ముందు ఇవి చూసుకోండి

కొన్నేళ్ల కిందటి మాట. భోగికి ముందు రోజు ఊరికి బయల్దేరే హడావుడిలో బాత్రూంలో కుళాయి తిప్పితే చుక్క రాలేదు. హైదరాబాద్‌లో మా వైపు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఆ రోజు మా వంతు కాదు, పైన ట్యాంకు ఖాళీ అయిపోయింది. బకెట్లో ఉన్న నీళ్లతో కాళ్లు కడుక్కుని బయటపడ్డాను. తిప్పిన కుళాయి తిప్పినట్టే ఉండిపోయింది.

మర్నాడు నల్లా వచ్చింది, ఓనర్ గారు మోటారు వేశారు, ట్యాంకు నిండింది. మా బాత్రూంలో కుళాయి ధారగా పోస్తోంది. జాలీ మీద ఇల్లు తుడిచే బట్ట పడి ఉండడంతో నీళ్లు పోయే దారి లేక హాల్లోకొచ్చాయి, హాల్లోంచి గుమ్మం దాటి మెట్ల మీదకి దిగాయి. మేం అక్కడ ఊళ్లో ఉన్నాం, తాళం చెవులు రెండూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. ఓనర్ గారు డాబా ఎక్కి మా వాటాకి వచ్చే గేట్ వాల్వ్ కట్టేశారు కాబట్టి అక్కడికి ఆగింది. తిరిగొచ్చేసరికి పిల్లల పుస్తకాల కింది అర మొత్తం ముద్దయిపోయి ఉంది. చెక్క మంచం కోళ్లు ఉబ్బిపోయాయి. కింది వాటా వాళ్ల గది గోడ మీద తడి మరక పడింది. పండగ పూట వాళ్లకి ఆ కష్టం పెట్టినందుకు నాకు చాలా రోజులు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఆ ఏడాది నుంచి రెండు విషయాలు గట్టిగా పట్టుకున్నాం. బయల్దేరే రోజుకి ఇంటి పని మిగల్చకూడదు, ఎందుకంటే హడావుడిలో మనిషి కళ్లు పనిచేయవు. రెండోది, ఇంటి తాళం చెవి ఒకటి నగరంలోనే, మనం నమ్మే మనిషి దగ్గర ఉండాలి. ఈ రెండూ మనసులో పెట్టుకుని, ఏ పని ఎప్పుడు చేయాలో వరసగా చెప్తాను.

రెండు నెలల ముందు: టికెట్లు

రైల్వే ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే రిజర్వేషన్ ఇస్తోంది. 2024 నవంబర్ 1కి ముందు ఇది 120 రోజులు ఉండేది, ఇంకా పాత లెక్కలో ఉన్నవాళ్లు ఉన్నారు. జనవరి 13న రైలెక్కాలంటే నవంబర్ 14 ఉదయం 8 గంటలకు సిద్ధంగా కూర్చోవాలి. గోదావరి జిల్లాలు, విశాఖ వైపు వెళ్లే రైళ్లకి పండగ తేదీల్లో చూస్తుండగానే వెయిటింగ్ లిస్టు మొదలైపోతుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ ముందే పూర్తి చేసుకోండి. 2025 జులై నుంచి అది లేనిదే ఆన్‌లైన్‌లో తత్కాల్ టికెట్ తీసుకోలేం. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కి 11 గంటలకు తెరుస్తారు. ఆన్‌లైన్‌లో తీసుకున్న వెయిటింగ్ టికెట్ చార్టు వేసేసరికి ఖరారు కాకపోతే దానంతటదే రద్దవుతుంది. కాబట్టి లిస్టులో బాగా వెనక ఉంటే బస్సు సీటు కూడా ఒకటి చూసి పెట్టుకోవడం మంచిది.

టికెట్ వచ్చాక అందులో ఏ స్టేషన్ రాసి ఉందో నిదానంగా చదవండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు అటు మారాయి. అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో పరిగెత్తడం చాలామందికి అనుభవమే. చర్లపల్లికి మెట్రో లేదు. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు నుంచి వెళ్లేవాళ్లు ట్రాఫిక్ లెక్క వేసుకుని బాగా ముందే బయటపడాలి.

బస్సుకైతే ఒక చిన్న కిటుకు ఉంది. విజయవాడ వైపు వెళ్లే బస్సుని మియాపూర్‌లోనో కేపీహెచ్‌బీలోనో ఎక్కితే, పండగ ముందు రోజుల్లో ఊరు దాటడానికే గంటల తరబడి పడుతుంది. బుక్ చేసేటప్పుడు ఎల్బీనగర్ బోర్డింగ్ పాయింట్ పెట్టుకుని మెట్రోలో అక్కడికి చేరండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కి రైలు మారక్కర్లేదు, గంటలోపే వెళ్లిపోవచ్చు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే ఈ ఒక్క మార్పుతో సగం అలసట తగ్గుతుంది.

వారం ముందు: బంగారం, పోలీస్ స్టేషన్, తాళం చెవి

నగలు లాకర్‌లో పెట్టాలనుకుంటే పండగ వారం దాకా ఆగకండి. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారాలు బ్యాంకులు ఉండవు. పండగ సెలవులు కలిస్తే మీకు కుదిరే రోజు ఒక్కటీ మిగలకపోవచ్చు. లాకర్ లేనివాళ్లు నగరంలోనే ఉండే అన్నదమ్ముల ఇంట్లోనో, అక్కచెల్లెళ్ల ఇంట్లోనో ఉంచండి. బియ్యం డబ్బా, బీరువాలో చీరల మడతలు, పూజ గది సొరుగు... ఇవన్నీ దొంగ మొదట వెతికే చోట్లే. పండక్కి అందరూ చూస్తారని నగలన్నీ వెంట తీసుకెళ్లడం కూడా నాకు ఇష్టం ఉండదు. రాత్రి బస్సులో నిద్రపోతూ ఒళ్లో బ్యాగు పట్టుకుని కూర్చోవడం కంటే ఒక గొలుసు, గాజులతో పండగ చేసుకోవడం సుఖం.

ఊరెళ్లేవాళ్లు స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్లండని తెలంగాణ పోలీసులు ప్రతి సంక్రాంతికీ కోరుతూనే ఉంటారు. చాలామంది మొహమాటపడతారు. ఇంటి చిరునామా, ఏ రోజు వెళ్తున్నాం, ఏ రోజు వస్తాం, ఫోన్ నంబరు, ఇవి చెప్తే చాలు. తాళం వేసిన ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిస్తే రాత్రి గస్తీలో ఆ వీధి మీద కన్నేసి ఉంచుతారు. ఆ స్టేషన్ నంబరు మీ ఫోన్‌లో, చెవి ఇచ్చినవాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి. ఆపదైతే 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.

ఇక తాళం చెవి. మీటర్ బాక్సు మీద, చెప్పుల స్టాండులో పాత బూటులో, పూలకుండీ కింద పెట్టే అలవాటు ఉంటే ఈ ఏడాదే మానేయండి. పండక్కి నగరంలోనే ఉండేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. మాకు ఎదురింటి అక్కయ్య ఉంది. వాళ్లది వరంగల్ వైపు, అత్తగారు వాళ్లూ ఇక్కడే ఉంటారు కాబట్టి పండగ ఇక్కడే. చెవి ఇచ్చి ఊరుకోకుండా ఇల్లు ఒకసారి తిప్పి చూపించాను. మెయిన్ స్విచ్ ఎక్కడుంది, గ్యాస్ రెగ్యులేటర్ ఎక్కడుంది, డాబా మీద ఉన్న పైపుల్లో మా వాటాకి వచ్చే వాల్వ్ ఏది, అన్నీ. ఆ వాల్వ్‌కి ఎర్ర రిబ్బన్ ముక్క కట్టి పెట్టాం, చీకట్లో వెతుక్కోనక్కర్లేకుండా.

మూడు నాలుగు రోజుల ముందు: ఇల్లు ఖాళీ అని వీధికి తెలియకుండా

దీని మీద కొంచెం ఎక్కువ చెప్తాను. తాళం ఎంత పెద్దదైనా పగలగొట్టే సమయం దొరికితే పగులుతుంది. ఏ ఇంట్లో మనుషులు లేరో తెలియడమే దొంగకి కావాలి. పగటిపూట వీధిలో ఒకసారి తిరిగి చూసుకునే వాళ్లకి మన గుమ్మమే ఆ సంగతి చెప్పేస్తుంది.

మొదటి గుర్తు ముగ్గు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలైతే పండగ దాకా ప్రతి గుమ్మం ముందూ ముగ్గు ఉంటుంది. పక్కపక్కన ఆరు గుమ్మాల్లో రంగులూ గొబ్బెమ్మలూ ఉండి, మధ్యలో ఒక గుమ్మం ముందు మాత్రం దుమ్మూ ఎండుటాకులూ పడి ఉంటే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. పనావిడ పండక్కి ఇక్కడే ఉంటే, ఇంట్లో పని లేకపోయినా రోజూ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఐదు చుక్కల ముగ్గు ఒకటి వేయమని చెప్పండి. దానికి వేరే డబ్బులు ముందే చేతిలో పెట్టండి. ఆవిడా ఊరెళ్తుంటే పక్కింటివాళ్లని అడగడానికి సిగ్గుపడొద్దు. వాళ్లు వెళ్లినప్పుడు మీరు వేస్తారు.

రెండోది పేపరు, పాలు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వద్దని పేపరబ్బాయికి, పాలవాళ్లకి చెప్పండి. చెప్పినా ఒకటి రెండు రోజులు పడుతూనే ఉంటాయి, గేటుకి కరపత్రాలు గుచ్చి పోతుంటారు. చెవి ఇచ్చినవాళ్లని వచ్చీపోయేటప్పుడు తీసేయమనండి. ఆ రోజుల్లో వచ్చేలా ఆన్‌లైన్‌లో ఏమీ ఆర్డర్ పెట్టకండి. డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే 'మేం ఊళ్లో లేము' అని మన నోటితో మనమే చెప్పాల్సి వస్తుంది.

మూడోది లైటు. వరండా లైటు వేసి వదిలేస్తే ఇంట్లో మనుషులున్నట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. రాత్రి సంగతి సరే, మధ్యాహ్నం పన్నెండింటికి ఎండలో లైటు వెలుగుతుంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. చీకటి పడ్డాక వెలిగి, తెల్లారేసరికి ఆరిపోయేలా టైమర్ ప్లగ్గో సెన్సర్ బల్బో పెట్టండి. వెలిగేది లోపలి గదిలో, కర్టెన్ వెనక అయితే ఇంకా మంచిది.

తాళం బయటికి వేలాడుతూ కనబడకూడదు. తలుపుకి లోపలే ఉండే లాక్ వేయండి. గ్రిల్‌కి తాళం వేయాలంటే చెయ్యి లోపలికి పెట్టి లోపలి వైపు వేసి, దాని మీదకి కర్టెన్ జరపండి. గుమ్మం పక్కన రోజూ తొడుక్కునే చెప్పుల జత ఒకటి ఉంచండి. తీగ మీద బట్టలు మాత్రం వదలొద్దు, అవే బట్టలు నాలుగు రోజులు అలాగే ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. సీసీ కెమెరా ఉన్నవాళ్లు కెమెరానీ వైఫై రూటర్‌నీ ఇన్వర్టర్ లైనుకి కలపండి, లేకపోతే కరెంటు పోగానే కెమెరా కూడా ఆగిపోతుంది.

ఇవన్నీ చేసి, బస్సెక్కగానే 'ఛలో ఊరికి' అని స్టేటస్ పెడితే చేసిందంతా వృథా. ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు. పిల్లలకి కూడా ఈ మాట ముందే చెప్పాలి.

రెండు రోజుల ముందు: వంటిల్లు, మొక్కలు

కూరగాయలు కొనడం వారం ముందు నుంచే తగ్గించండి. మిగిలినవి చివరి రెండు రోజుల్లో సాంబారులోకి, కలగూరలోకి వాడేయండి. ఆకుకూరలు, పాలు, విరిగిన కొబ్బరి చిప్ప, నానబెట్టిన పప్పు, దోసెల పిండి, ఇవేవీ ఫ్రిజ్‌లో మిగలకూడదు. బుట్టలో అడుగున ఉండిపోయిన ఒక్క కుళ్లిన బంగాళాదుంప చాలు, తలుపు తీయగానే ఇల్లంతా కంపు కొడుతుంది.

ఫ్రిజ్ ఆపాలా వద్దా అని అడుగుతుంటారు. వారం లోపు అయితే ఆపక్కర్లేదు. నెల రోజులైతే పూర్తిగా ఖాళీ చేసి, ఆపి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి మధ్యలో మడతపెట్టిన బట్ట పెట్టి వెళ్లండి. ఆన్‌లో ఉంచి వెళ్లేవాళ్లు ఈ పని చేయండి. చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించి, ఆ మంచు మీద ఒక రూపాయి బిళ్ల పెట్టండి. తిరిగొచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే ఫర్వాలేదు. మంచు మళ్లీ గడ్డ కట్టి ఉన్నా, బిళ్ల అడుగున కనబడిందంటే మీరు లేనప్పుడు చాలాసేపు కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం. అప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న మాంసం, బఠానీలు, ఐస్‌క్రీం ఏదైనా సరే పారేయాలి.

బయల్దేరే ముందు రాత్రే చెత్తబుట్ట ఖాళీ చేసి కడిగి బోర్లించండి. సింకు జాలీ మీద, బాత్రూం జాలీల మీద మూత పెడితే బొద్దింకలు రావు. అయితే కుళాయిలన్నీ కట్టి ఉన్నాయని చూసుకున్నాకే ఆ మూత పెట్టండి, మా ఇంటి సంగతి చెప్పాను కదా.

మొక్కలకి జనవరి చలిలో పెద్ద భయం లేదు. కుండీలన్నీ నీడలోకి జరిపి నిండా నీళ్లు పోస్తే నాలుగైదు రోజులు ఆగుతాయి. తులసి కోటకి మాత్రం పక్కన కొంచెం ఎత్తులో నీళ్ల చెంబు పెట్టి, లావు నూలు తాడు ఒక కొస చెంబు అడుగు దాకా, ఇంకో కొస మట్టిలోకి గుచ్చండి. నీళ్లు మెల్లగా దిగుతూ ఉంటాయి.

ముందు రోజు: మందులు, బ్యాగులు

బట్టలు మర్చిపోతే ఊళ్లో కొనుక్కోవచ్చు, మందుల సంగతి అలా కాదు. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు ఉండే రోజులకి ఇంకో నాలుగు రోజులు కలిపి లెక్కపెట్టి పెట్టుకోండి. తిరుగు ప్రయాణం టికెట్ దొరక్క రెండు రోజులు ఆలస్యం కావడం సంక్రాంతికి మామూలే. మందుల చీటీ ఫొటో తీసి ఫోన్‌లో ఉంచండి. మందుల సంచి మనతో సీటు దగ్గరే ఉండాలి, బస్సు డిక్కీలో పెట్టే సూట్‌కేసులో కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చల్లటి సంచిలో పెట్టండి కానీ ఐసు గడ్డకి ఆనించకండి. గడ్డ కడితే అది పనికిరాదు. ఎండలో ఆగి ఉన్న కారులో వదిలినా పాడవుతుంది.

దారిలో తినడానికి పులిహోర కంటే నమ్మకమైనది లేదు. దద్దోజనం చేస్తే అన్నంలో పాలు ఎక్కువ పోసి పెరుగు రెండు చెంచాలు తోడుగా వేయండి, ఊరు చేరేదాకా పులవదు. చిన్నపిల్లలకి, పెద్దవాళ్లకి స్వెటరూ చెవులకి మఫ్లరూ చేతికందేలా పైనే పెట్టండి. అర్ధరాత్రి బస్సు ఆగినప్పుడు దిగితే చలి నేరుగా చెవుల్లోకి వెళ్తుంది.

బయల్దేరే రోజు

ప్రయాణానికి ముందు దీపం పెట్టి దణ్ణం పెట్టుకోవడం మన అలవాటు. ఆ దీపాన్ని అలాగే వదిలి తాళం వేయడం ప్రమాదం. చేత్తో ఆర్పడానికి మనసొప్పదు. అందుకని బయల్దేరడానికి గంటన్నర ముందే, ప్రమిదలో అర చెంచా నూనె మాత్రమే పోసి వెలిగించండి. మీరు బ్యాగులు బయట పెట్టేలోపే దానంతటదే కొండెక్కుతుంది. అగరుబత్తి కూడా అంతే, చివరి నిమిషంలో వెలిగించొద్దు.

తర్వాత అందరికీ తలా ఒక పని కాకుండా, ఒక్కరే మొత్తం ఇల్లు తిరగాలి. 'నువ్వు చూశావనుకున్నా' అనే మాట అక్కడే పుడుతుంది. నేను వెనక వైపు నుంచి మొదలుపెడతాను. వెనక తలుపు గడియ, కిటికీలు. తర్వాత నీళ్లు: ప్రతి కుళాయినీ కళ్లతో చూసి వదలకుండా చేత్తో తిప్పి చూస్తాను. నీళ్లు రానప్పుడు తెరిచి ఉన్నదీ మూసి ఉన్నదీ కంటికి ఒకేలా కనబడతాయి. వాషింగ్ మెషిన్ కుళాయి, వాటర్ ప్యూరిఫయర్ కుళాయి కూడా చూడాలి. ఆఖరున డాబా మీద మా వాల్వ్ కట్టేస్తాం. సొంత ఇల్లయి మోటారు మీదే అయితే దాని స్విచ్ ఆపండి.

తర్వాత గ్యాస్. పొయ్యి నాబ్ కట్టడం సరిపోదు, సిలిండర్ మీద రెగ్యులేటర్ నాబ్ కట్టాలి. తర్వాత కరెంటు: గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె, మిక్సీ, టీవీ, ఫోన్ చార్జర్లు. ఫ్రిజ్, రూటర్, కెమెరా, టైమర్ లైటు లైన్లు ఉంచి మెయిన్ బోర్డులో మిగతా ఎంసీబీ స్విచ్‌లు దించేయవచ్చు.

ఇలా తిరుగుతూ ఒక్కోదానికీ ఫోన్‌తో ఫొటో తీయండి. రెగ్యులేటర్, స్విచ్ బోర్డు, కుళాయిలు, చివరగా వేసిన తాళం. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ గేటు చేరేసరికి ఎవరో ఒకరు 'గ్యాస్ కట్టేశామా?' అంటారు. అప్పటి నుంచి ఊరు చేరేదాకా టెన్షన్. ఫొటో తీసి చూపిస్తే ఆ మాట అక్కడితో ఆగుతుంది. గుమ్మం దాటాక వెనక్కి రాకూడదని పట్టింపు ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది ఇంకా మేలు చేస్తుంది.

కారులో వెళ్లేవాళ్లకి

విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు మూడూ దాటాలి. ఫాస్టాగ్‌లో రానూపోనూ సరిపడా డబ్బులు ముందు రోజే వేసుకోండి. స్టెప్నీలో కూడా గాలి చూపించండి. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు వెళ్లేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద బొంగ్లూరు దగ్గర దిగి ఇబ్రహీంపట్నం, నాగార్జునసాగర్, మాచర్ల, పిడుగురాళ్ల మీదుగా వెళ్తే చౌటుప్పల్ రద్దీ తప్పుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి బయల్దేరడం గొప్ప అనుకోకండి. జనవరిలో ఆ వేళకి పొగమంచు ముందు బండిని కూడా కనబడనివ్వదు. దట్టంగా ఉంటే పెట్రోల్ బంకులోకో హోటల్ ఆవరణలోకో బండి దించి ఎండ వచ్చేదాకా ఆగండి. రోడ్డు అంచున మాత్రం ఆపొద్దు.

తిరిగొచ్చాక

తలుపు తీయగానే స్విచ్ మీదకి చెయ్యి పోనివ్వకండి. ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన ఉంటే లైటు వేయకుండా, అగ్గిపుల్ల గీయకుండా తలుపులూ కిటికీలూ తీసి, రెగ్యులేటర్ చూసి, బయటికొచ్చి గ్యాస్ లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలి. తాళం పగిలి ఉన్నా, తలుపు వారగా తెరిచి ఉన్నా లోపలికి వెళ్లకుండా పోలీసులకి ఫోన్ చేయండి, ఏ వస్తువూ ముట్టుకోవద్దు.

అంతా బాగుంటే వాల్వ్ తిప్పి, కుళాయిల్లో మొదటి నీళ్లు కాసేపు వదిలేయండి. వేడినీళ్ల కుళాయిలో ధార వచ్చాకే గీజరు వేయాలి, నీళ్లు లేకుండా వేస్తే కాయిల్ కాలిపోతుంది. ఫ్రీజర్ తీసి రూపాయి బిళ్ల చూడండి. పాలవాళ్లకి, పేపరబ్బాయికి ఫోన్ చేయండి. స్టేషన్‌లో చెప్పి వెళ్లారు కదా, వచ్చేశామని అక్కడా ఒక మాట చెప్పండి.

మేం వచ్చిన సాయంత్రం అరిసెల డబ్బా పట్టుకుని ఎదురింటికి వెళ్తాను. అక్కయ్య అదే డబ్బా నిండా సకినాలు పోసి ఇస్తుంది. తాళం చెవి మాత్రం వెనక్కి అడగను, అది ఏడాది పొడుగునా వాళ్ల దగ్గరే ఉంటుంది.